ఈమధ్య ఏం వింటున్నారు? నేనైతే మూడు వారాలుగా ఒకటే కృతి (మన కోవూరు సంగతి కూడా)

పెన్నాగట్టు
మూడు వారాలుగా ఒకటే వింటున్నాను. త్యాగయ్య కృతి, "ఈ వసుధ", సహాన రాగం. పొద్దున నడకలో అదే, బండి మీద అదే, రాత్రి అన్నం తిన్నాక మిద్దె మీద అదే. మా ఆవిడ విసుగొచ్చి ఇయర్‌ఫోన్స్ కొనిచ్చింది. ప్రేమతో కొన్నది కాదు లెండి.

నాకు సంగీతం రాదు. వయసు యాభై దాటింది. మా పాపను వయొలిన్ క్లాసులో దింపి, బయట బండి మీద కూర్చుని గంటసేపు కాచుకునేవాణ్ణి. లోపల పిల్లలు సరళీ వరసలు గీరుతుంటే తలనొప్పి వచ్చేది. వాళ్ళు వెళ్ళాక ఆ టీచరుగారు తనకోసం తాను వాయించుకునేవారు. అక్కడ పడ్డాను. పాప మూడు నెలలకు మానేసింది, నేను మానలేకపోయాను.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఈ కృతి అనుపల్లవిలో "కోవూరి సుందరేశ" అని వస్తుంది. అంటే త్యాగయ్య మన కోవూరు వచ్చాడు! నెల్లూరులో పెన్న దాటితే ఉండే కోవూరు! ఇరవై ఏళ్ళుగా ఆ ఊరి మీదుగా తిరుగుతున్నాను, ఎక్కడా ఒక్క బోర్డు లేదు. వేరే ఊరైతే ఈపాటికి విగ్రహం పెట్టి ఏటా ఉత్సవాలు చేసుండేవాళ్ళు. మనవాళ్ళకి పట్టదు.

ఆ సుందరేశ్వరుడి గుడి కోవూరులో ఎక్కడుందో తెలిసినవాళ్ళు చెప్పండి. ఆదివారం పోయొస్తా. అట్లాగే మీరేం వింటున్నారో కూడా రాయండి, నా జాబితాలో ఒక్క పాటే ఉంది.

రొయ్యలరాజు
మాది కోవూరు పక్కనే అన్నా. సుందరేశ్వరుడి గుడి అనేది నేనెప్పుడూ వినలా. మా అమ్మనడిగి చెప్తా.

మూలాపేట_పద్మ
అన్నయ్యగారూ, ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆ కోవూరు మన కోవూరు కాదు. మద్రాసు పక్కన పోరూరు దాటి కుండ్రత్తూరు వెళ్ళే దారిలో ఇంకో కోవూరు ఉంది. త్యాగయ్య వెళ్ళింది అక్కడికి.

పెన్నాగట్టు
...

పెన్నాగట్టు
నిజంగానా? నిన్న మా ఆఫీసులో పదిమందికి చెప్పేశానండీ.

సినిమాపాట_సుబ్బు
బోర్డు పెట్టనందుకు నెల్లూరోళ్ళను తిట్టావు కదన్నా, ఇప్పుడు క్షమాపణ బోర్డు నువ్వు పెట్టు.

శుద్ధధైవతం
పద్మగారు చెప్పింది సరే. వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ పొరపాటు నేనూ చేసినవాణ్ణే. అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు, ఏడాదిపాటు ఆ భ్రమలో హాయిగా ఉన్నాను.

త్యాగయ్య మద్రాసు వైపు యాత్రకు వచ్చినప్పుడు కోవూరు సుందరేశ ముదలియారు అనే ధనికుడు తన ఊరికి పిలిచాడు. తన మీద ఒక పాట కట్టమన్నాడనీ, నరస్తుతి చేయనని చెప్పి ఆయన పేరే ఉన్న ఊరి దేవుడు సుందరేశ్వరుడి మీద ఐదు కృతులు పాడాడనీ కథగా చెబుతారు. అవే కోవూరు పంచరత్నాలు. శంభో మహాదేవ పంతువరాళిలో, ఈ వసుధ సహానలో, కోరి సేవింపరారే ఖరహరప్రియలో, నమ్మి వచ్చిన కల్యాణిలో, సుందరేశ్వరుని శంకరాభరణంలో.

రామభక్తుడు శివుడి మీద అంత ప్రేమగా పాడటం చాలామందికి వింత. నాకు వింతగా అనిపించదు. ఏ గుడికి పోతే అక్కడి దేవుణ్ణి పలకరించి వచ్చే మనిషి ఆయన.

రొయ్యలరాజు
మా అమ్మ చెప్పింది, లేదంట. ఆలస్యమైంది, సారీ.

బ్యారన్_బాబాయ్
ఆ ముదలియారు సంగతిలో ఇంకో ముక్క ఉంది. త్యాగయ్య కోవూరు నుంచి బయల్దేరేటప్పుడు ఆయనకు చెప్పకుండా పల్లకీలో బంగారు నాణేలు పెట్టాడంట, రామనవమి ఖర్చుకని. నాగలాపురం దగ్గర దొంగలు వెంటబడితే త్యాగయ్య దర్బారు రాగంలో "ముందు వెనుక" పాడాడని, ముందూ వెనకా కాపలాకి ఇద్దరు వీరులు కనబడితే దొంగలు కాళ్ళ మీద పడ్డారని మా నాయన చెప్పేవాడు.

సినిమాపాట_సుబ్బు
అంటే మద్రాసు వైపు పోతే సన్మానం, మనవైపు వస్తే దొంగలు. బోర్డు లేకపోవడమే మంచిది.

మూలాపేట_పద్మ
సుబ్బుగారూ, నాగలాపురం నెల్లూరులో లేదు. ఆ అపవాదు మనకొద్దు.

గిద్దలూరు_టికెట్
నెల్లూరోళ్ళకు కోవూరు పోయింది కాబట్టి ఇప్పుడు మా పడమటోళ్ళ వంతు. త్యాగయ్య ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల మా కంభం పక్కన అర్ధవీడు మండలంలో ఉందని చెబుతారు. శ్యామశాస్త్రిగారి పూర్వీకులు ఏకంగా కంభం నుంచే కంచికి పోయారంటారు. సంగీత త్రిమూర్తులు ముగ్గురిలో ఇద్దరు మావాళ్ళే. చెరువు చూడ్డానికి కంభం వచ్చే జనం ఈ మాట అడగరు, నేను టికెట్ కొట్టేటప్పుడు చెబితే చిల్లర ఇవ్వమంటారు.

మూలాపేట_పద్మ
పుట్టింది మాత్రం ముగ్గురూ తిరువారూరులోనే.

గిద్దలూరు_టికెట్
మూలాలు చెబుతున్నానక్కా.

సినిమాపాట_సుబ్బు
మూలాలు మూలాపేటావిడకు చెబుతున్నాడు చూడండి.

శుద్ధధైవతం
అసలు ప్రశ్న ఏం వింటున్నారని. నేను ఈ నెలంతా బాలమురళిగారు పాడిన నగుమోము వింటున్నాను, త్యాగయ్య కృతి, ఆభేరి రాగం. శుద్ధ ధైవతంతో పాడేవారు ఆయన. నా పేరు చూస్తేనే తెలుస్తుంది నాది ఏ పక్షమో. మిగతా అందరూ చతుశ్రుతి ధైవతంతో పాడేది వింటే నాకు పాయసంలో ఉప్పు తగిలినట్టు ఉంటుంది.

మూలాపేట_పద్మ
ఇక మొదలు. మా గురువుగారు నాకు నేర్పింది చతుశ్రుతితోనే. దశాబ్దాలుగా లోకమంతా పాడుకుంటున్న పద్ధతిని ఉప్పు అంటే ఎట్లా? పాఠం పాతదే కావచ్చు, కాదనను. కానీ చెవులు అలవాటు పడ్డాక రాగం మారింది, ఆ మారిన రాగానికీ ఒక అందం ఉంది.

వీణ_నేర్చుకుంటున్నా
అడగొచ్చో లేదో, ఆ రెండు ధైవతాలకూ తేడా ఏంటి? నేను ఇంకా గీతాల దగ్గరే ఉన్నాను.

శుద్ధధైవతం
వీణ మీద పంచమం మెట్టు తెలుసు కదమ్మా. దాని పక్క మెట్టు శుద్ధ ధైవతం, ఆ తర్వాతి మెట్టు చతుశ్రుతి ధైవతం. అంతే తేడా, ఒక్క మెట్టు. ఆభేరి ఎక్కేటప్పుడు అసలు ధైవతమే లేదు, సగమపనిస. దిగేటప్పుడే గొడవ.

పెన్నాగట్టు
మా మిద్దె మెట్ల లాగా. ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది, దిగేటప్పుడే ఒక మెట్టు తేడాగా తగులుతుంది.

వీణ_నేర్చుకుంటున్నా
ఇప్పుడే వీణ మీద రెండూ పలికించి చూశాను. కిందిది పట్టుకుంటే ఏడుపు లాగా ఉంది, పైది పట్టుకుంటే బతిమాలుతున్నట్టు ఉంది. ఏది కరెక్టో నాకు తెలియదు, రెండూ బాగున్నాయి.

మూలాపేట_పద్మ
పిల్ల చెప్పింది విన్నారా సార్?

శుద్ధధైవతం
విన్నాను. "నీ నగుమోము చూడలేని నా బాధ తెలిసీ కాపాడకూడదా" అని అడిగే పాటకు ఏడుపే న్యాయం అని కూడా విన్నాను.

రొయ్యలరాజు
నేను వినేది చెప్తే నవ్వుకుంటారు. రాత్రిళ్ళు గుంటల దగ్గర పడుకోవాల కదా. ఏరియేటర్లు తిరుగుతా ఉంటాయి తెల్లార్లూ. వాటి మోతలో సినిమా పాట పెడితే మాటలు వినబడవు. ఒకరోజు ఎవరో పంపిన ఆలాపన పెట్టా, మాటలు లేవు కాబట్టి బాగానే వినిపించింది. చిత్రం ఏందంటే ఏరియేటర్ మోత, ఆయన తంబురా రెండూ కలిసిపోయినాయి. అప్పటినుంచి రోజూ ఆలాపనలే. రాగం పేర్లు తెలియవు. కల్యాణి ఒక్కటి గుర్తుపడతా.

వీణ_నేర్చుకుంటున్నా
ఏరియేటర్ మోత ఏ శ్రుతిలో ఉంది అన్నా? తంబురా యాప్‌తో చూడొచ్చు.

రొయ్యలరాజు
చూశా. ఒకటిన్నరకీ రెండుకీ నడుమ ఊగుతోంది. కరెంటు వోల్టేజీని బట్టి మారతది. కరెంటు పోయి జనరేటర్ వేస్తే వేరే కచేరీ.

సినిమాపాట_సుబ్బు
రొయ్యలు ఎట్లా ఉన్నాయి? కౌంట్ (కిలోకి ఎన్ని తూగేదీ) తగ్గిందా?

రొయ్యలరాజు
కౌంట్ సంగీతాన్ని బట్టి రాదన్నా, మేతను బట్టి వస్తది. రొయ్య రేటు పడిపోయినరోజే ఆలాపన ఎక్కువసేపు వింటా.

బ్యారన్_బాబాయ్
రాజు రాసింది చదివితే నా చిన్నతనం గుర్తొచ్చింది. మాది టంగుటూరు వైపు. పొగాకు కాల్చే రోజుల్లో బ్యారన్ (పచ్చాకును వేడికి పండబెట్టే కొట్టం) దగ్గర రాత్రంతా ఒకరు మేలుకోవాలి. మంట తగ్గినా పోయింది, ఎక్కువైనా ఆకు మాడింది. అప్పుడప్పుడూ లేచి డిగ్రీలు చూసి కట్టె వేయాలి. మా నాయనకు తోడుగా నన్ను పడుకోబెట్టేవాడు. ఆయనకు తోడు ట్రాన్సిస్టర్. తెల్లారగట్ల విజయవాడ కేంద్రం భక్తిరంజని మొదలయ్యేసరికి బయట చలి, లోపల బ్యారన్ వెచ్చదనం, పచ్చాకు పండుతున్న వాసన. రామదాసు కీర్తనలు, తత్వాలు, శ్రీరంగం గోపాలరత్నంగారి గొంతు. మా నాయనకు అక్షరం రాదు. "పలుకే బంగారమాయెనా" వస్తే మాత్రం కట్టె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయేవాడు. ఒకసారి ఆ నిలబడటంలో మంట ఎక్కువై అర బ్యారన్ ఆకు రంగు పోయింది. మా అమ్మ ఆ రేడియోను నాలుగు రోజులు బియ్యం డబ్బాలో దాచింది.

ఇప్పుడు ఏం వింటున్నానంటే, వోలేటి వెంకటేశ్వర్లుగారి పాత రేడియో రికార్డింగులు. ఎవరో పుణ్యాత్ములు యూట్యూబ్‌లో ఎక్కించారు. గరగర ఉంటుంది. ఆ గరగర లేకపోతే నాకు పాట కొత్తదేమో అని అనుమానం.

మూలాపేట_పద్మ
బాబాయ్‌గారూ, ఇది రాసి నన్ను కాసేపు కూర్చోబెట్టేశారు. భక్తిరంజని మొదలవడంలో బాలమురళిగారి చెయ్యి ఉందని మా గురువుగారు చెప్పేవారు.

శుద్ధధైవతం
అవును, ఆయన అప్పుడు విజయవాడ రేడియోలో పనిచేసేవారు. ఆ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరులో. వోలేటి, నేదునూరి కృష్ణమూర్తి ఇద్దరూ శ్రీపాద పినాకపాణిగారి దగ్గర నేర్చుకున్నవాళ్ళే. పాణిగారు కర్నూలులో పేరున్న డాక్టరు. ఆస్పత్రి అయ్యాక పాఠం. మార్కాపురం, గిద్దలూరు వైపు పాతవాళ్ళలో ఆయన దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్ళు ఉండే ఉంటారు, సంగీతం సంగతి తెలియకుండా.

గిద్దలూరు_టికెట్
మా తాత చూపించుకున్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. "డాక్టరు మంచోడు, మాట నెమ్మది" అన్నాడంట. అంతకుమించి సంగీత విమర్శ మా తాత చేయలేదు.

కరవది_కుర్రాడు
ఇన్ని పోస్టులయ్యాయి, ఒక్కరన్నా మా ఊరి పేరు ఎత్తుతారేమో అని చూస్తున్నా. ఒంగోలు దాటాక ఎక్స్‌ప్రెస్‌లు ఆగని స్టేషన్ ఒకటి వస్తుంది. పసుపు బోర్డు మీద కరవది అని ఉంటుంది. షేక్ చినమౌలానాగారిది ఆ ఊరు. 1924లో పుట్టారు. నాదస్వరం. తంజావూరు బాణీ మీద మోజుతో, రాజరత్నం పిళ్ళైగారి వాయింపు విని అటు మళ్ళి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథుడి ఊళ్ళో. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ళు సంగీత కళానిధి ఇచ్చారు. ఆ మరుసటేడే పోయారు.

నేను వింటున్నది ఆయన తోడి రాగం. హెడ్‌ఫోన్స్‌తో వినకండి, చెవులు పోతాయి. నాదస్వరం ఆరుబయట వినేది. మా డాబా మీద చిన్న స్పీకర్ పెట్టి, నేను కిందికి దిగి, వేపచెట్టు కింద కూర్చుని వింటా. దూరం ఉంటేనే దాని అందం.

పెన్నాగట్టు
ఇది నాకు తెలియదు. బోర్డు లేదని తిట్టడానికి ఇప్పుడు నాకు సరైన ఊరు దొరికింది.

కరవది_కుర్రాడు
మా ఊళ్ళో తెలుసు అన్నా, బయటే తెలియదు. మావైపు సన్నాయి ఇళ్ళు చాలా ఉండేవి. చిలకలూరిపేట వైపు ఇంకా ఎక్కువ. పొద్దున నమాజు చేసుకుని గుళ్ళో మేళానికి పోయేవాళ్ళు, ఎవరికీ అందులో వింత కనబడేది కాదు. కాలీషాబి, మహబూబ్ సుబానీ దంపతులూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే, 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది.

సినిమాపాట_సుబ్బు
ఇక్కడ నేను సీరియస్‌గా ఒకటి చెప్తా. మా చెల్లెలి పెళ్ళికి మేళం మాట్లాడాం. పెద్దాయన వచ్చాడు, డోలు ఆయన వచ్చాడు. మంటపంలో ఆయన ఏదో రాగం ఎత్తుకుని కళ్ళు మూసుకున్నాడు. పక్కన డీజే వాడు సౌండ్ చెక్ అని దడదడలాడించాడు. పెద్దాయన కళ్ళు తెరిచి, సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, డీజే అయ్యేదాకా కూర్చున్నాడు. తాళి కట్టేటప్పుడు "గట్టిమేళం" అని అరిస్తే వాయించాడు, డబ్బు తీసుకున్నాడు, పోయాడు. ఆయన ఎత్తుకున్న రాగం ఏందో అడగాలని ఇప్పటికీ ఉంది. అడగలేదు.

బ్యారన్_బాబాయ్
నువ్వు సినిమా పాటల మనిషివని పేరు పెట్టుకున్నావు కానీ కాదయ్యా.

సినిమాపాట_సుబ్బు
కాదని ఎవరికీ చెప్పొద్దు బాబాయ్. మన జిల్లా బాలుగారి నాన్నగారు హరికథలు చెప్పేవారు. ఆ వంకతో నేను రెండు వైపులా ఉంటా.

ట్రంక్‌రోడ్_తిక్కన
ఒక చేదు మాట. తెలుగు కృతుల్ని అరవవాళ్ళు పాడుతుంటే నేను వినలేను. "నగుమో" అని ఆగి, ఊపిరి తీసుకుని, "ము" అని అందుకుంటారు. ఎక్కడ విరవాలో తెలియదు. మన భాష, మన పాట, ఆ విరుపులు చూస్తే కడుపు మండుతుంది.

మూలాపేట_పద్మ
తిక్కనగారూ, నాకూ మండుతుంది. కానీ నేను పిల్లలకు పాఠం చెబుతాను కాబట్టి ఇంకో మంట చెప్తా. మా క్లాసులో పదకొండుమంది. అందరూ నెల్లూరు పిల్లలే. సాహిత్యం రాసుకోమంటే తొమ్మిదిమంది ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. "దుడుకుగల" అంటే ఏంటమ్మా అంటే ఒకమ్మాయి "బ్యాడ్ అనుకుంటా మేడమ్" అంది. ఇంట్లో వాళ్ళ నాయనమ్మ రోజూ మనవణ్ణి "దుడుకోడు" అని తిడుతూనే ఉంటుంది! ఆ మాటా ఈ మాటా ఒకటేనని తెలియలేదు. త్యాగయ్య ఆ పాటలో తన దుడుకుతనాలన్నీ వరసగా చెప్పుకుంటాడు, ఇలాంటివాణ్ణి ఏ దొరకొడుకు కాపాడతాడు అని. అది అర్థమయ్యాక ఆ పిల్ల పాడిన తీరే మారిపోయింది.

అరవవాళ్ళు విరిస్తే విరిచారు, రెండొందల ఏళ్ళు గొంతులో పెట్టుకుని మోశారు. మన టౌన్‌హాల్లో కచేరీ పెడితే ముందు రెండు వరసలు నిర్వాహకుల చుట్టాలే ఉంటారు.

ట్రంక్‌రోడ్_తిక్కన
నేనూ ఆ రెండు వరసల్లోనే కూర్చుంటాను, చుట్టాన్ని కాకపోయినా. సరే, సగం ఒప్పుకున్నాను. మిగతా సగం మంట అట్లాగే ఉంది.

శుద్ధధైవతం
విరుపులో తప్పు ఎప్పుడూ గాయకుడిదే కాదు. కొన్నిచోట్ల వరుసే అట్లా నడుస్తుంది. నగుమోములో దీర్ఘం అక్కడ పడింది, ఎవరు పాడినా "ము" విడిపోతుంది. మీరు పాడినా.

ట్రంక్‌రోడ్_తిక్కన
నేను పాడితే వినేవాళ్ళకు "ము" ఒక్కటే బాధ అయి ఉండదు.

పెన్నాగట్టు
మాటల అర్థం అంటే గుర్తొచ్చింది. ఘనరాగ పంచరత్నాలు (త్యాగయ్యవే ఇంకో ఐదు కృతులు) మొదలుపెట్టాను, పద్మగారు వేరే చోట రాసింది చదివి. ఆరభిలో "సాధించెనే" మోగుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి "ఎవరు ఎవర్ని సాధిస్తున్నారంట?" అంది. కృష్ణుడు అనుకున్నది సాధించుకున్నాడని అర్థం చెప్పాను. "సమయానికి తగు మాటలాడెనే" దగ్గర ఆగి, "ఇది మాత్రం మీ తమ్ముడి గురించి" అని వెళ్ళిపోయింది.

రొయ్యలరాజు
వదినకు సాహిత్యం బాగా అర్థమవుతోంది. నీకంటే.

వీణ_నేర్చుకుంటున్నా
పద్మ మేడమ్ ఏం వింటున్నారో చెప్పలేదు ఇంకా.

మూలాపేట_పద్మ
శుక్రవారం శుక్రవారం జొన్నవాడ పోతాను. కామాక్షమ్మ దర్శనమయ్యాక పెన్న వైపు మెట్ల మీద కూర్చుని శ్యామశాస్త్రిగారి భైరవి స్వరజతి వింటాను. "కామాక్షీ అనుదినము". ఆయన పాడింది జొన్నవాడ అమ్మ మీద కాదు, బంగారు కామాక్షి మీద. ముందే చెప్పేస్తున్నాను, మళ్ళీ కోవూరు గొడవ కాకుండా.

ఇందులో చరణాలు ఎనిమిది. మొదటిది షడ్జంతో మొదలవుతుంది, రెండోది రిషభంతో, మూడోది గాంధారంతో, అట్లా ఒక్కో మెట్టూ ఎక్కుతూ పై షడ్జానికి చేరుతుంది. మిశ్రచాపు తాళం. తొందరేమీ ఉండదు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి కొండ మెట్లు ఎక్కినట్టు, ప్రతి మెట్టు దగ్గరా అమ్మను తలుచుకుని ఆగి ఎక్కడం. నాకు మోకాళ్ళ నొప్పి వచ్చాకే ఆ నడక తెలిసింది. ఇరవై ఏళ్ళప్పుడు గడగడా పాడి పోటీలో బహుమతి తెచ్చుకున్నాను, ఏమీ తెలియకుండా.

గిద్దలూరు_టికెట్
కంభం వాళ్ళు రాసిందే అది. మళ్ళీ చెప్తున్నా.

మూలాపేట_పద్మ
సరే నాయనా, కంభం వాళ్ళే.

బ్యారన్_బాబాయ్
నిద్ర పట్టనివాళ్ళకు ఒక మందు: ఎం.డి. రామనాథన్‌గారు. ఆయన పాట ఎంత నెమ్మదంటే పల్లవి మొదలయ్యాక లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి రావచ్చు, అదే మాట మీద ఉంటారు. తమాషాకు అంటున్నాను గానీ ఆ నెమ్మదిలో ఒక ధైర్యం ఉంది. నాకు తొందరలేదు, నీకుంటే పో అన్నట్టు.

పెన్నాగట్టు
పదిరోజుల తర్వాత వస్తున్నాను. చెప్పుకోవాల్సినది ఉంది.

మా బావమరిది పోరూరులో ఉంటాడు. వాళ్ళ పాపకు చెవులు కుట్టించే ఫంక్షన్‌కి పినాకినిలో పోయాం. ఫంక్షన్ అయ్యాక "కోవూరు పోదాం" అన్నాను. మా ఆవిడ "నెల్లూరులో కోవూరు చాలదా, ఇక్కడ కూడానా" అంది. బావమరిదికి ఆ గుడి తెలుసు, కానీ పాట సంగతి తెలియదు. మద్రాసు చుట్టుపక్కల నవగ్రహాల గుళ్ళు తొమ్మిది ఉన్నాయంట, ఇది బుధుడి గుడి అని బుధవారాలు జనం వస్తారంట. మేం పోయింది ఆదివారం సాయంత్రం. ఆటోలో దుమ్ము, ట్రాఫిక్, రోడ్డు పనులు, ముప్పావుగంట పట్టింది. లోపల మాత్రం చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. దీపం వెలుగులో సుందరేశ్వరుడు.

ఆ పాట చరణంలో, ఆశతో అర నిముషం ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళ మనసులో వేసటలన్నీ తొలగిస్తావు అంటాడు త్యాగయ్య. శుద్ధధైవతం గారు విడిగా అర్థం చెప్పాక అదే పట్టుకుని కూర్చున్నాను. మంటపంలో ఒక స్తంభానికి ఆనుకుని, ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో, ఒకటి మా ఆవిడ చెవిలో పెట్టి పాట పెట్టాను. ఆమె కాదనలేదు. కాళ్ళు లాగుతున్నాయేమో, కూర్చుంది. పల్లవి అయింది. అనుపల్లవి ఎత్తుకున్నారు. "కోవూరి" అనబోతున్నారు, నేను ఆమె ముఖం చూస్తున్నాను, సరిగ్గా అక్కడ...

గోల్డ్ లోన్ యాడ్ వచ్చింది.

సినిమాపాట_సుబ్బు
అయ్యో అన్నా!

కరవది_కుర్రాడు
స్కిప్ కొట్టలేదా?

పెన్నాగట్టు
స్కిప్ లేని యాడ్. పదిహేను సెకన్లు. మా ఆవిడ పూర్తిగా విని, ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, "పాట బాగుంది" అంది.

శుద్ధధైవతం
అర నిముషం అన్నాడు కాబట్టి పదిహేను సెకన్లు యాడ్‌కి పోయినా ఇంకో పదిహేను మీకు మిగిలింది.

మూలాపేట_పద్మ
అన్నయ్యగారూ, చరణం పూర్తిగా చూడండి. వేసటలు తొలగించిన తర్వాత "ధనరాసులు" ఇస్తాడని ఉంది. ఆ యాడ్ ఊరికే రాలేదు.

రొయ్యలరాజు
వడ్డీ ఎంతన్నాడు అన్నా? మాకు ఈసారి మేతకు కావాల.